ఎండల మల్లన్న ముందు అడిగిన వరం



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి విషయం నన్నే ఎంచుకోమన్నారు. నేను ఎంచుకోలేదు. వారానికి మూడు రోజులు, పూటకి నాలుగు గంటలు డయాలసిస్ మంచం మీద పడుకుని ఆయన నాతో వాదించిన విషయమే తెచ్చాను. జబ్బు నయం చెయ్యమని దేవుణ్ణి అడుగుతూ, అదే నోటితో ‘నీ ఇష్టం’ అనగలమా?

టెక్కలి పక్కన రావివలసలో ఎండల మల్లికార్జునుడికి పైకప్పు లేదు. స్థలపురాణం మీకు తెలిసిందే. రామసేనలోని వైద్యుడు సుషేణుడు లంక నుంచి తిరిగొస్తూ, ఇక్కడి జనం రోగాలతో అల్లాడటం చూసి ఆగిపోయాడు. శివుడి కోసం తపస్సు చేస్తూ ఇక్కడే దేహం విడిచాడు. హనుమంతుడు ఆ దేహాన్ని మల్లెపూలతో కప్పి వెళ్లి, రాముణ్ణి తీసుకొచ్చేసరికి అక్కడ లింగం వెలసింది. లక్ష్మణుణ్ణి బతికించిన వైద్యుడు తనని తాను బతికించుకోలేదేమని మాస్టారిని అడిగాను. “బతకడానికి ఆగలేదురా, మనకోసం అడగడానికి ఆగాడు” అన్నారు.

సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషన్ వారు పెట్టిన ఆసుపత్రి పేరు ఆరోగ్యవరం. పేరులోనే వరం ఉంది. అక్కడ కంటి ఆపరేషన్లు చేసిన డాక్టర్ బెన్ గలిసన్ పని గురించి విని, కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ 1963లో ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థకి పునాది వేశాడు. ప్రార్థనా, కత్తీ ఒకే గదిలో పనిచేసిన చోటు అది.

ఇక మన ఉద్దానం జబ్బు సంగతి. 1990ల నుంచి కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కిడ్నీలు చెడిపోతున్నాయి. షుగరూ బీపీ లేనివాళ్లకీ వస్తోంది. సగం పైన పాడయ్యేదాకా మనిషికి తెలియదు. ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల కూలీలకూ, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతులకూ ఇలాంటి జబ్బే ఉంది. మండుటెండలో నీళ్లు తాగకుండా చేసే చాకిరీ, పురుగుమందులు, తాగునీరు, నొప్పి బిళ్లలు అన్నిటి మీదా అనుమానాలున్నాయి. ఇదే కారణమని తేలలేదు. అరసవల్లి గుడిలో ఆరోగ్యం అడిగేది సూర్యుణ్ణే. వేలెత్తి చూపిస్తున్న వాటిలో ఆయన ఎండా ఉంది.

కారణం తేలని చోట ‘ఏ జన్మ పాపమో’ అన్న మాట ముందు పుడుతుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం వాడిదా, కన్నవాళ్లదా అని శిష్యులు అడిగితే, ఎవరిదీ కాదన్నాడు యేసు. కళ్లకి బురద పూసి, కోనేటికి వెళ్లి కడుక్కోమన్నాడు. నింద వెయ్యకుండా నీళ్ల దగ్గరికి పంపాడు.

మాస్టారి పక్క మంచం మీద సోంపేట వైపు నుంచి వచ్చే ఒక క్రైస్తవ అప్ప ఉండేది. డయాలసిస్ మిషన్ మొదలెట్టే ముందు కళ్లు మూసుకునేది. ఏం అడుగుతావని మాస్టారు ఒకసారి అడిగారు. “బాగు సెయ్యమనే అడుగుతాను బాబూ. అడక్కపోతే ఆయన మీద అలిగినట్టుంటది. ఎలా సేత్తాడో మాత్రం నాను సెప్పను” అంది. గెత్సేమనే తోటలో యేసు చేసిందీ అంతే. రాబోయే బాధల గిన్నె తప్పించమని మూడుసార్లు అడిగాడు. నీ ఇష్టమన్న మాట అడిగినవాడి నోట వచ్చింది కాబట్టే దానికి అంత బరువు.

మాస్టారు నాకు నేర్పిన పాఠం ఇదే. ‘దేవుడి చిత్తం’ అని మంచం మీద ఉన్న మనిషి అనొచ్చు. మంచం పక్కన నిలబడ్డవాళ్లు అనకూడదు. విశ్వాసం ఉంటే మిషన్ ఎందుకని ఎవరో చెబితే, మా వీధిలో ఒకాయన డయాలసిస్ మానేశాడు. ఒంట్లో పొటాషియం పెరిగితే గుండె ఆగుతుంది. ఆయన వారం తిరక్కుండా పోయాడు. చెప్పినవాళ్లు అదీ దేవుడి చిత్తమే అన్నారు.

పక్కన నిలబడ్డవాళ్ల వంతు వేరు, చేతనైంది చెయ్యడం. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అదే రోజు హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీళ్లు మళ్లాయి. ఆ రోజుకి మాస్టారు లేరు.

కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగిన మనిషికి డాక్టర్లు కొబ్బరినీళ్లు వద్దన్నారు. వాటిలోనూ పొటాషియమే. ఆఖరి కార్తీక సోమవారం రావివలసలో ఆయన కాయ కొట్టి, నీళ్లన్నీ లింగం దగ్గర పోసి, చిప్ప మనవరాలి చేతిలో పెట్టారు. ఏం అడిగారని నేను అడగలేదు. తిరిగొచ్చే దారిలో, ధైర్యం చెప్పాలనిపించి, “దేవుడున్నాడు మాస్టారూ” అన్నాను.

“ఉన్నాడు గానీ, రేపు తెల్లారి నాలుగింటికి ఆటో చెప్పావా?” అన్నారు.

చెప్పలేదు. ఆ రాత్రే వెళ్లి చెప్పాను.