పాపమునకు మతము అవసరమా?



చదువుకొన్న పిల్లలు నేడు పెద్దలను ఒక ప్రశ్న అడుగుచున్నారు. “నేరమనగా చట్టమును మీరుట. అది మాకు తెలియును. మరి పాపమనగా ఏమి? దేవుని నమ్మనివానికి ఆ మాటతో పని యున్నదా?” ఈ ప్రశ్నకు మనము కోపగించుకొనరాదు. కళ్ళు పోవునని బెదిరించుట సమాధానము కాదు. అడిగినవారు జిజ్ఞాసువులు. వారితో కలసి మనమును విచారింతము.

ముందుగా మన భాషనే చూతము. చేయరాని పని చేసినవానిని చూచి “పాపము చేసినాడు” అందుము. దెబ్బ తగిలినవానిని చూచి “అయ్యో, పాపము!” అందుము. ఒకే మాట కీడు చేసినవాని దోషమును చెప్పుచున్నది, కీడు పొందినవానిపై జాలిని చెప్పుచున్నది. నాస్తికుడును “అయ్యో, పాపము!” అనకుండ ఉండలేడు. ఇతరుని బాధ మన హృదయమును తాకు చోటనే పాపమను భావమునకు మొదలున్నది.

అట్లయిన నేరమను మాట చాలదా? చాలదు. కాలువలో మునుగుచున్న పరాయి బిడ్డను చూచి, ఈత వచ్చియు, ఒకడు తన దారిన తాను పోయెననుకొందము. ఆ బిడ్డతో అతనికి ఏ బాధ్యతయు లేనిచో సాధారణముగా మన చట్టము అతనిని శిక్షింపదు. అతడు నేరస్థుడు కాడు. కాని ఆ రాత్రి అతనికి నిద్ర పట్టునా? అస్పృశ్యతను రాజ్యాంగము 1950లో నిషేధించినది. దానిని పాటించువారిని శిక్షించుటకు 1955లో చట్టము వచ్చినది. అంతకు ముందు తోటి మానవుని బావి గట్టు ఎక్కనీయకపోవుట పాపము కాదా? చట్టము వెనుక వచ్చినది. పాపము ముందే యున్నది.

ఇంకొక మాట. అధికారము గలవారు నిర్ణయించినదే పాపమా? భారతము ఆదిపర్వములోని మాండవ్యుని కథ దీనికి సమాధానము. మౌనవ్రతములో నున్న ఆ మునిని దొంగల తోడివాడని భావించి రాజభటులు కొఱత వేయించిరి. ఆయన ధర్మదేవతను చేరి, తాను చేసిన పాపమేమని అడిగెను. బాల్యములో చిన్న ప్రాణులను పుల్లలతో గుచ్చితివని ధర్ముడు చెప్పెను. ఇంత చిన్న తప్పునకు ఇంత శిక్షయా అని మాండవ్యుడు నిలదీసి, పదునాలుగేండ్ల లోపు బాలురు చేసినది పాపము కాదని మర్యాద ఏర్పరచెను. ఆయన శాపముననే ధర్ముడు విదురుడై పుట్టెను. ఈ కథలో తీర్పు చెప్పు దేవతయే అన్యాయము చేసి ఫలము అనుభవించెను. న్యాయాన్యాయములు సింహాసనమునకు లోబడినవి కావని, తెలిసి చేసిన దానికిని తెలియక చేసిన దానికిని భేదమున్నదని మన పూర్వులు ఎంత ధైర్యముగా చెప్పిరో చూడుడు.

దర్శనములలోను ఈ విచారణ యున్నది. జైన బౌద్ధములు సృష్టికర్తయైన ఈశ్వరుని అంగీకరింపవు; అయినను హింసను పాపమనినవి. శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యములో ఈశ్వరుని వానతో పోల్చిరి. వాన అన్ని విత్తనములకు సమానమే. వరి వరియగుట, యవలు యవలగుట విత్తనమును బట్టి జరుగును. ఈశ్వరునకు పక్షపాతము లేదు. భేదము మన కర్మలోనిది.

పాపము వేరు, దైవశిక్ష వేరు అని తెలిపిన సంఘటన మన దేశములోనే జరిగినది. 1934 జనవరి 15న బీహారులో ఘోర భూకంపము వచ్చినది. అది అస్పృశ్యతా పాపమునకు దైవము విధించిన శిక్ష అని మహాత్మా గాంధీ పలికిరి. రవీంద్రనాథ ఠాగూరు దీనిని ఖండించిరి. ప్రకృతి ఉత్పాతమును మానవుల నీతితో ముడిపెట్టరాదని వారి వాదము. గాంధీజీ ఆ ఖండనను తమ హరిజన పత్రికలోనే ప్రకటించి బదులు వ్రాసిరి. శిక్ష విషయమున ఇరువురికి భేదమున్నది. అస్పృశ్యత తప్పనుటలో లేదు. మన తెలుగు నేలపై గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిరి. దేవుని నమ్మని వారును అస్పృశ్యతపై పోరాడి సహపంక్తి భోజనములు జరిపించిరి. అదే కాలమున దేవుని పేరు చెప్పి తోటివానిని గుడి గడప తొక్కనీయని వారును ఉండిరి. పాపమునెరిగిన వారెవరో మనమే ఆలోచించుకొనవలెను.

అట్లయిన మతమెందులకు? పాపమును మతము పుట్టింపలేదు. రోగమును వైద్యుడు పుట్టింపనట్లే. కాని రోగమున్నదని తెలిసినంత మాత్రమున ఆరోగ్యము రాదు. చేసిన కీడు తెలిసి కుమిలిపోవువానికి “నీకు తిరిగి వచ్చు దారి యున్నది” అని చెప్పువారు కావలెను. పశ్చాత్తాపము, ప్రాయశ్చిత్తము, శరణాగతి ఆ దారిలోని మెట్లు. ఎవరును చూడని చోట చూచు సాక్షి లోపల నున్నాడను ఎరుక కూడ భక్తుని కాపాడును.

కాని ఆ దారిలో మొదటి మెట్టును దాటవేయరాదు. దొంగిలించినది సొంతదారునకు తిరిగి ఇచ్చి ప్రాయశ్చిత్తము చేసికొనవలెనని ధర్మశాస్త్రము చెప్పినది. కూలివాని కూలి ఎగవేసి హుండీలో కానుక వేసిన ఆ బాకీ తీరదు. తోబుట్టువు భాగము అపహరించి పుష్కరస్నానము చేసిన, తడిసినది దేహమే. ముందు ఆ కూలివాని ఇంటికి పోవలెను. ఆ తోబుట్టువు గడప ఎక్కవలెను. అటు పిమ్మట స్వామి సన్నిధికి వచ్చిన, ఆ నమస్కారము నిండు నమస్కారమగును.

కనుక నమ్మనివానిని చూచి పాపి యనకుందము. నమ్మినవారము గనుక మన పాపము మాసిపోయినదని మురిసిపోకుందము. “అయ్యో, పాపము!” అని ఇతరుని కొరకు కరుగు హృదయమును చల్లగా నిలుపుమని ఆ పరమాత్మను ప్రార్థింతము.

స్వస్తి.