బేగంపేటకు ముందు అంజయ్య
(భానూరులో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



టి. అంజయ్య గారి గురించి మాట్లాడమని ఆయన సొంతూరు వాళ్లే కబురు పెడితే కాదనేవాళ్లు ఉండరు. అయితే 1919 ఆగస్టు 16 నుంచి 1986 అక్టోబరు 19 దాకా ఆ జీవితంలో ఏం జరిగిందో తేదీల వారీగా ఏకరువు పెట్టడానికి నేను రాలేదు. ఆయన ముఖ్యమంత్రి అయ్యారని, పదహారు నెలలకే దిగిపోయారని ఈ ఊళ్లో బడిపిల్లలకూ తెలుసు. నా బాధ వేరు. ఆయన మీద వచ్చిన రాతలు చాలావరకు, రాజీవ్ గాంధీ ఆయన్ను కసురుకున్నారని చెప్పే ఆ బేగంపేట విమానాశ్రయంలో మొదలై బేగంపేటలోనే ఆగిపోతాయి. అరవై ఏడేళ్ల మనిషిని ఒక్క పూటకు కుదించేశారు. ఆ పూటకు ముందు నలభై ఏళ్లు ఆయన ఏం చేశారో తెలిస్తే తప్ప ముఖ్యమంత్రిగా ఆయన బలం గానీ బలహీనత గానీ అర్థం కాదని నేను నమ్ముతున్నాను. నేను చదువుకున్నది హైదరాబాద్ కార్మిక చరిత్ర కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఓపిక పట్టండి.

నిజాం ప్రభుత్వం 1929లో పారిశ్రామిక ట్రస్టు నిధి పెట్టాక హైదరాబాద్‌లో ఫ్యాక్టరీలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. దివాన్ బహదూర్ రామ్‌గోపాల్ మిల్లు అంతకుముందే ఉంది. తర్వాత వజీర్ సుల్తాన్ సిగరెట్ కంపెనీ వచ్చింది. యుద్ధకాలంలో, 1942లో ఆల్విన్, ఆ మరుసటి ఏడు ప్రాగా టూల్స్ పుట్టాయి. మెదక్ జిల్లా పల్లెల్లో భూమి చాలని కుటుంబాల పిల్లలకు అప్పుడు కొత్త దారి ఒకటి దొరికింది. దొరకు వెట్టి చేయనక్కర్లేకుండా నెల తిరిగేసరికి చేతిలో జీతం పడే దారి అది. అంజయ్య ఆ దారిన నడిచిన తరం మనిషి. సుల్తాన్ బజార్‌లో హైస్కూలు చదువు, ఆ పైన ఆల్విన్‌లో మామూలు కార్మికుడి కొలువు. ముఖ్యమంత్రుల వరసలో ఫ్యాక్టరీ లోపలి నుంచి వచ్చినవారు మన రాష్ట్రంలో ఇంకొకరు లేరు.

హైదరాబాద్‌లో కార్మిక సంఘాలంటే మొదట ఎర్రజెండాయే. 1946 నాటికి మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌ను నిలబెట్టారు. ఆ తర్వాతి నిర్బంధాల్లో ఆ నాయకులు అజ్ఞాతంలోకో జైలుకో పోయారు. పోలీసు చర్య ముగిశాక గేటు ముందు నిలబడి మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. కాంగ్రెస్ వైపు సంఘం, అంజయ్య గారు పనిచేసిన సంఘం ఐఎన్‌టీయూసీ ఇక్కడ వేళ్లూనింది ఆ ఖాళీలోనే. దాన్ని యాజమాన్యాల సంఘమని, సర్కారు సంఘమని కొట్టిపారేసిన పుస్తకాలు ఉన్నాయి. ఆ విమర్శలో కొంత నిజం ఉంది. కానీ ఆ పుస్తకాలు రాసినవాళ్లు కార్మికుడి ఇంటికి వెళ్లి చూడలేదు.

నేను చూసిన ఒక కాగితం సంగతి చెబుతాను. ఆల్విన్‌లో పనిచేసి రిటైరైన ఒకాయన ట్రంకుపెట్టెలో, పెళ్లి శుభలేఖల కట్ట కింద సంఘం చందా రసీదులు దొరికాయి. అరచేయంత కాగితం. పైన సంఘం పేరు తెలుగులో, ఉర్దూలో. కింద నెల పేరు, పావలా, ఊదారంగు రబ్బరు స్టాంపు. 1960లో కార్మిక సంఘాల చట్టాన్ని సవరించి సభ్యుడు నెలకు కనీసం 25 పైసలు కట్టాలని పెట్టారు, ఆ పావలా ఇదే. రసీదు వెనక పెన్సిల్‌తో ఆయన భార్య కిరాణా లెక్క రాసుకుంది. సంఘం కార్యాలయం అంటే వాళ్లకు ప్రసంగాలు వినే చోటు కాదు. ప్రావిడెంట్ ఫండ్ ఫారం నింపించుకునే చోటు, పిల్లకు బళ్లో సీటు అడిగే చోటు, సస్పెన్షన్ కాగితం వస్తే పరుగెత్తుకెళ్లే చోటు. ఆ చోట కూర్చున్న మనిషిని పేరు పెట్టి పిలవొచ్చు. అంజయ్య గారి రాజకీయం అక్కడ తయారైంది.

ఆ చోట నేర్చుకునే అసలు విద్య ఒప్పందం. ఇక్కడున్న పాత కార్మికులకు 12(3) అంటే చాలు, కుర్రవాళ్ల కోసం చెబుతున్నాను. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కింద సంఘం డిమాండ్ల పత్రం ఇచ్చేది, సమ్మె నోటీసు ఇచ్చేది. కార్మిక శాఖ అధికారి రెండు పక్షాలను పిలిచి కూర్చోబెట్టేవాడు. కుదిరితే 12(3) కింద సంతకాలు. ఆ ఒప్పందానికి ఒక గుణం ఉండేది: సంతకం పెట్టిన సంఘానికే కాదు, సభ్యులు కానివాళ్లకు, రేపు కొత్తగా చేరేవాళ్లకు కూడా అది వర్తించేది. కాబట్టి మంచి బేరగాడు తన మనుషుల్నే చూసుకుంటే కుదరదు, ఎదుటి సంఘం వాడికీ ఏదో ఒకటి దక్కేలా చూడాలి. ఎవరినీ ఉత్తచేతులతో పంపకూడదు. ఈ సూత్రం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

1962లో ఆయన ముషీరాబాద్ నుంచి శాసనసభకు గెలిచారు. 1967లో, 1972లో అక్కడి నుంచే మళ్లీ గెలిచారు. ముషీరాబాద్ ఎందుకు? ఆ చుట్టుపక్కల అప్పటి మ్యాపు తీయండి. ఆజామాబాద్ పారిశ్రామికవాడ, సిగరెట్ ఫ్యాక్టరీలు, భోలక్‌పూర్ తోళ్ల కార్ఖానాలు, లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర బట్టల మిల్లు. వాటిలో పనిచేసేవాళ్లు రాంనగర్, బాగ్‌లింగంపల్లి గల్లీల్లో కాపురాలున్నారు. అక్కడ ఓటరు జాబితాకు, మస్టరు రోలుకు పెద్ద తేడా లేదు. తెలుగు, ఉర్దూ రెండూ దంచి మాట్లాడే మనిషి, బోనస్ లెక్క వేళ్ల మీద చెప్పగల మనిషి అక్కడ గెలవడంలో ఆశ్చర్యం లేదు. 1969లో జై తెలంగాణ ఉద్యమం కాంగ్రెస్‌ను కుదిపేసింది, 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి పది సీట్లు కొట్టింది. ఆ మరుసటి ఏడే కాంగ్రెస్ టికెట్ మీద ఆయన తన సీటు నిలుపుకున్నారు. ఇది పార్టీ గాలితో వచ్చిన గెలుపు కాదు, గల్లీ ఇచ్చిన గెలుపు.

జలగం వెంగళరావు మంత్రివర్గంలో ఆయన కార్మిక శాఖ చూశారు. ఫైళ్ల చరిత్ర అది, ఆగను. 1978లో కాంగ్రెస్ రెండుగా చీలి ఎవరికి వారు పోటీ చేసినప్పుడు ముషీరాబాద్‌లో ఆయన ఓడిపోయారు. ఓడించింది జనతా పార్టీ తరఫున నిలబడ్డ నాయిని నర్సింహారెడ్డి. ఆయనా కార్మిక నాయకుడే, హింద్ మజ్దూర్ సభ మనిషి. ఒక సంఘం నాయకుణ్ని ఇంకో సంఘం నాయకుడే ఓడించగలిగాడంటే ఆ నియోజకవర్గం ఎలాంటిదో చూడండి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలిచి మళ్లీ ప్రధాని అయ్యాక అంజయ్య కేంద్రంలో కార్మిక శాఖ సహాయమంత్రి అయ్యారు. ఆ అక్టోబరులో మర్రి చెన్నారెడ్డిని దించి ఈయన్ను హైదరాబాద్ పంపారు. శాసనసభలో సభ్యత్వం కోసం 1981లో అప్పటి మన మెదక్ జిల్లా రామాయంపేట ఉపఎన్నికలో గెలిచారు.

ఇక జంబో మంత్రివర్గం. 61 మంది మంత్రులని దేశమంతా నవ్వింది. చేతకానితనం అని రాశారు. నేనలా అనుకోను. ఆయనకు సొంత వర్గం లేదు. చెన్నారెడ్డి వర్గం, చెన్నారెడ్డికి ఎదురుతిరిగిన అసమ్మతి వర్గం, జిల్లాకో పెద్దమనిషి, అందరూ గేటు ముందు నిలబడి ఉన్నారు. అంజయ్య తనకు తెలిసిన విద్యే వాడారు, అందరికీ ఏదో ఒకటి ఇచ్చి 12(3) ఒప్పందం చేయబోయారు. ఫ్యాక్టరీలో అది నడిచింది. రేపు పొద్దున యాజమాన్యం, కార్మికుడు ఇద్దరూ అదే గేటు లోపలికి రావాలి కదా. శాసనసభ్యుడికి ఆ గతి లేదు. మంత్రి పదవి పుచ్చుకుని సంతకం ఆరకముందే ఢిల్లీ రైలెక్కొచ్చు. మూడో తలుపు ఉన్నచోట ఒప్పందం నిలవదు. ఆయన లెక్క తప్పింది అక్కడే.

నాకు ఎప్పటినుంచో ఉన్న పేచీ ఇప్పుడు చెప్పాలి. నా తోటి పరిశోధకుల్లో ఒక బలమైన పక్షం ఏమంటుందంటే, 1982 ఫిబ్రవరిలో రాజీవ్ గాంధీ బేగంపేటలో దిగినప్పుడు అంజయ్య జనంతో, దండలతో, మేళతాళాలతో స్వాగతం పెట్టారు, రాజీవ్ అందరి ముందూ కసురుకున్నారు, ఆ అవమానం నుంచి తెలుగువాడి ఆత్మగౌరవం లేచింది, దాని నుంచి తెలుగుదేశం పుట్టింది. చెప్పడానికి చక్కగా ఉంటుంది. పాఠ్యపుస్తకానికీ పనికొస్తుంది. చరిత్ర మాత్రం ఇలా సాగలేదు.

మొదటి మాట. ప్రజల్లో విసుగు బేగంపేటతో పుట్టలేదు. 1978లో ఎన్నికైన ఒక్క శాసనసభ నలుగురు ముఖ్యమంత్రులను చూసింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఈ నలుగురిలో బేగంపేట అవమానం ఒక్కరికే జరిగింది, ఢిల్లీ నుంచి దించడం మాత్రం ముందు చెన్నారెడ్డికీ తర్వాత భవనానికీ జరిగింది. రెండో మాట. ఎన్టీ రామారావు 1982 మార్చి 29న పార్టీ ప్రకటించారు, నిజమే. అంజయ్య దిగిన అయిదు వారాల్లో ఒక రాష్ట్రవ్యాప్త పార్టీ ఆలోచన మొలకెత్తి ప్రకటన దాకా వచ్చిందంటే నేను నమ్మను. అరవయ్యో ఏడు దగ్గరికి వచ్చినప్పటి నుంచే రామారావు ప్రజాసేవ మాట బయట పెడుతున్నారు. మూడో మాట నాకు ముఖ్యమైనది. 1983లో తెలుగుదేశం రెండు వందలకు పైగా సీట్లు గెలిచింది. ఆ గెలుపులో కోస్తా రైతులు, వెనుకబడిన కులాలు, ఆడవాళ్లు ఉన్నారు. కాంగ్రెస్‌లో తమకు చోటు లేదని ఏళ్ల తరబడి అనుకున్నవాళ్లు వాళ్లు. వాళ్ల ఓటును ఒక విమానాశ్రయంలో పడ్డ తిట్టుకు ప్రతిఫలంగా చూపడం ఆ ఓటర్లను చిన్నబుచ్చడం. అంజయ్యనూ చిన్నబుచ్చడమే. జీవితమంతా కార్మికుల మధ్య గడిపిన మనిషి ఇంకొకరి ఎన్నికల నినాదానికి ముడిసరుకుగా మిగిలారు.

ఇదే పక్షంలో ఇంకొందరు ఆయన అసలు పేరు రామకృష్ణారెడ్డి అని పట్టుకుని ఆయన్ను రెడ్డి ముఖ్యమంత్రుల పట్టికలో వేసి చేతులు దులుపుకుంటారు. కులం లెక్కలోకి రాలేదని నేను అనను. కానీ భూమి, కుల బలగం, సొంత వర్గం ఉన్న నాయకులతో ఆయన్ను ఒకే గంపలో వేస్తే, వాళ్లెవరూ గేటు మీటింగు నుంచి రాలేదన్న తేడా మాయమవుతుంది. పట్టికలు వేసే మిత్రులు ఒక్కసారి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వైపు వెళ్లి కార్మిక శాఖ ఉన్న భవనానికి ఎవరి పేరు ఉందో చదవండి. టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్.

ఆయనను కాపాడటానికే వచ్చానని అనుకోకండి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. పౌరహక్కుల సంఘాల లెక్క అరవైకి పైన. ముఖ్యమంత్రి అంజయ్యే. గేటు మీటింగులతో ఎదిగిన మనిషి ప్రభుత్వం ఒక సభకు అనుమతి నిరాకరించి, వచ్చిన జనం మీద తుపాకీ పేల్చింది. ఆయన రాజకీయ జీవితంలో మాయని మచ్చ బేగంపేట కాదు, ఇది. అదే ఏడాది, 1970 తర్వాత పదకొండేళ్లకు, గ్రామ పంచాయతీ ఎన్నికలు జరిపించింది కూడా ఆయన ప్రభుత్వమే. ఈ రెండూ ఒకే ఖాతాలో రాసుకోవాలి.

అధ్యక్షుల వారు చీటీ పంపారు, తొందరగా ముగిస్తాను. 1984 డిసెంబరులో తెలుగుదేశం గాలిలో కాంగ్రెస్‌కు రాష్ట్రంలో 42కు 6 లోక్‌సభ సీట్లే దక్కాయి. అందులో సికింద్రాబాద్ ఒకటి, గెలిచింది అంజయ్య. కసురుకున్నారని చెప్పే ఆ రాజీవ్ గాంధీ ప్రభుత్వంలోనే మళ్లీ కార్మిక శాఖ చూశారు. 1986లో కన్నుమూశారు. భార్య మణెమ్మ గారు సికింద్రాబాద్ నుంచి రెండుసార్లు లోక్‌సభకు, తర్వాత 2008 ఉపఎన్నికలో, 2009లో ముషీరాబాద్ నుంచి శాసనసభకు గెలిచారు. లుంబినీ పార్కుకు ఆయన పేరు పెట్టారు. ఆల్విన్ మాత్రం మిగల్లేదు. ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కు పోయింది, జహీరాబాద్ వాహనాల ఫ్యాక్టరీ మహీంద్రాకు పోయింది.

ఇప్పుడు మన ఊరి చుట్టూ ఎన్ని ఫ్యాక్టరీలున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. లోపల పనిచేసేవాళ్లలో ఎందరో కాంట్రాక్టు మనుషులు, బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి యాభై మందికి పైగా పోయారు. కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. ఆ పిల్లల్లో ఎందరి దగ్గర పావలా రసీదు లాంటిది ఏదైనా ఉంది? 1947 చట్టం స్థానంలో 2020లోనే పార్లమెంటు కొత్త కోడ్ ఆమోదించింది. దాని మీద మాట్లాడాలంటే ఇంకో సభ కావాలి.

చివరిగా మీకు ఒక విన్నపం. మీ ఇళ్లలో ఆల్విన్, బీహెచ్ఈఎల్, ప్రాగా నుంచి రిటైరైన తండ్రులు, తాతలు ఉన్నారు. వాళ్ల పెట్టెల్లో సంఘం రసీదులు, కరపత్రాలు, ఒప్పందాల నకళ్లు, గేటు దగ్గర దిగిన ఫొటోలు ఉంటాయి. దయచేసి వాటిని తూకానికి అమ్మకండి. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, అక్కడికి చేర్చండి. వెళ్లడం కుదరకపోతే సభ నిర్వాహకుల చేతికివ్వండి, నేనే వచ్చి తీసుకెళతాను.