వెలగని లైటు



బోరు మోటారు స్టార్టరు డబ్బా మీలో చాలామందికి తెలుసు. దాని మీద మూడు చిన్న బల్బులు ఉంటాయి. మూడూ వెలిగితే మూడు ఫేజులూ వచ్చినట్టు. ఒకటి వెలగలేదనుకోండి. ఫేజు పోయిందా? లేక బల్బే మాడిపోయిందా? అది తేల్చుకోకుండా మోటారు వేస్తే వైండింగు కాలుతుంది. కారుకూ వ్యానుకూ కూడా ఇలాంటి సంగతి ఒకటుంది.

ఒక పొదుపు సంఘం ఉందనుకుందాం. పాలక్యాన్లు పట్నం చేర్చడానికి పెట్రోలు వ్యాను కొనాలనుకున్నారు. కొత్తది కొనే శక్తి లేదు. బ్యాంకు అప్పూ, పొదుపు డబ్బూ కలిపి ఒక పాత బండి బేరం చేశారు. అమ్మే మనిషి ఇంజను స్టార్టు చేసి మీటర్లు చూపించాడు.

"చూడండక్కా, ఒక్క లైటన్నా వెలుగుతోందా? బండి బంగారం!" అన్నాడు.

నిజమే. ఒక్కటీ వెలగడం లేదు. ఇంజను కాస్త వణుకుతోందేమని ఒకామె అడిగితే, "పాత బండి కదా అక్కా, అంతే" అన్నాడు. అందరూ సరేనన్నారు. బయానా కాగితం మీద సంతకాలు పెట్టబోయారు. అప్పుడు ఆమే మళ్లీ, "తమ్ముడూ, ఒకసారి ఇంజను ఆపు. తాళం ఊరికే తిప్పు. స్టార్టు చెయ్యొద్దు" అంది.

ఎందుకలా అడిగింది?

తాళం తిప్పి, ఇంజను స్టార్టు చెయ్యకుండా ఉంచితే, మీటర్ల దగ్గర హెచ్చరిక లైట్లు వెలగాలి. ఎర్రటి బ్యాటరీ లైటు, ఎర్రటి ఆయిలు లైటు, పసుపుపచ్చటి ఇంజను లైటు. మేము పనిచేస్తున్నాం అని అవి చెప్పడమన్నమాట. స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఇంజను లైటు మీద ఇంజను బొమ్మ ఉంటుంది. చూస్తే కుళాయి ముక్కలా అనిపిస్తుంది. ఇంజనును నడిపే చిన్న కంప్యూటరు ఒకటి బండిలో ఉంటుంది. ఏదైనా తప్పు కనిపెడితే అది ఈ లైటు వెలిగిస్తుంది. పాత కార్బురేటరు బండ్లలో ఈ లైటు మామూలుగా ఉండదు. వాటిలో వెతకొద్దు.

ఆ వ్యానులో బ్యాటరీ లైటు వెలిగింది. ఆయిలు లైటు వెలిగింది. ఇంజను లైటు వెలగలేదు. అంటే ఇంజను బాగున్నట్టు కాదు. మాటలు రాని పసిబిడ్డకు నొప్పి లేదనుకుంటామా?

సంఘం వాళ్లు తమకు తెలిసిన మెకానిక్‌ను పిలిపించారు. అతను ఇలా లెక్క వేశాడు. లైట్లు ఒక్కటీ వెలగకపోతే మీటరుకే కరెంటు రానట్టు. ఇంజను లైటు ఒక్కటే వెలగక, బండి కూడా స్టార్టు కాకపోతే, కంప్యూటరుకు కరెంటు అందుతోందో లేదో చూడాలి. దాని ఫ్యూజు, రిలే, ఎర్తు తీగ చూడాలి. ఈ వ్యాను స్టార్టవుతోంది. కాబట్టి కంప్యూటరుకు కరెంటు ఉంది. ఇక మిగిలింది బల్బు, లేదా మీటరు నుంచి కంప్యూటరుకు పోయే తీగ.

ఫ్యూజు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఫ్యూజు మీద అంకె ఉంటుంది. చదవండి. 10 అని ఉంటే మళ్లీ 10దే వెయ్యాలి. 10ది ఎర్రగా, 15ది నీలంగా, 20ది పసుపుపచ్చగా ఉంటుంది. ఫ్యూజు బదులు లావు తీగ చుట్టారో, తీగలు కాలి బండికే నిప్పంటుకోవచ్చు. ఇంట్లో అయినా అది తప్పే.

స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్టు ఉంటుంది. మెకానిక్ దానికి స్కానరు తగిలించాడు. కంప్యూటరు దాచుకున్న తప్పులను ఈ యంత్రం చదువుతుంది. లైటు వెలిగించమని కంప్యూటరు చెబుతోందో లేదో కూడా చూపుతుంది. మూడో సిలిండరులో పెట్రోలు సరిగా మండటం లేదని వచ్చింది. లైటు వెలిగించమని కంప్యూటరు చెబుతూనే ఉంది! వణుకుకు కారణం అదే. అలాగే నడిపితే, మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోతుంది. పొగను శుభ్రం చేసే డబ్బా వేడెక్కి పాడవుతుంది. ఆ డబ్బా ఖరీదు ఎక్కువ.

మీటరు విప్పి చూశారు. బల్బు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎవరో కావాలని తీసేశారు.

కొందరు తియ్యరు, బల్బు మీద నల్ల టేపు అంటిస్తారు. ఇంకా తెలివిమీరినవాళ్లు ఇంజను లైటు తీగను ఆయిలు లైటుకు కలుపుతారు. అప్పుడు తాళం తిప్పితే వెలుగుతుంది. స్టార్టు చేస్తే ఆయిలు లైటుతో పాటే ఆరుతుంది. కంటికి తేడా తెలియదు. కాబట్టి లైటు వెలిగి ఆరినా సరే, డబ్బు కట్టే ముందు స్కానరు పెట్టించడం మంచిది.

అమ్మే మనిషి "నాకేం తెలుసక్కా, నేను కొన్నప్పుడే అట్లుంది" అన్నాడు. నిజమే కావచ్చు. ఆమె గొడవ పడలేదు. బయానా కాగితం వెనక్కి తిప్పి, తన చేత్తో రాసింది: "ఇంజను లైటు బల్బు వేయించాలి. మూడో సిలిండరు బాగుచేయించాలి. ఖర్చు అమ్మేవారిది." పైకి చదివి వినిపించింది. అతను సంతకం పెట్టాడు. బయానా మాత్రం అప్పుడు ఇవ్వలేదు.

వారం తర్వాత బండి మళ్లీ వచ్చింది. తాళం తిప్పారు. మూడు లైట్లూ వెలిగాయి. స్టార్టు చేశారు. మూడూ ఆరాయి. వణుకు లేదు. అయినా వాళ్లు వెంటనే డబ్బు ఇవ్వలేదు. స్కానరుతో తప్పులు చెరిపేస్తే లైటు కొంతసేపు ఆరే ఉంటుంది. లోపం అలాగే ఉంటే, బండి నడిచాక మళ్లీ వెలుగుతుంది. అందుకని పాలక్యాన్లు ఎక్కించి పట్నం దాకా పోయి వచ్చారు. మళ్లీ స్కానరు పెట్టించారు. తప్పులేమీ లేవని వచ్చాకే డబ్బు లెక్కపెట్టారు.