కొత్త సార్లకి శాలువా ఒక్కటే చాలదు

(ఇంజనీరింగ్ కాలేజీల్లో కొత్తగా పాఠాలు చెబుతున్న మనవాళ్ళ అభినందన సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నిన్నగాక మొన్న చేరినోళ్ళకి అప్పుడే అవార్డేంటి?" అని కొందరు అడిగారు. దానికే మేం జవాబు చెప్పదల్చుకున్నాం.

రిటైరయ్యే సారుకి కప్పే శాలువా జరిగిపోయిన పనికి దండం పెడుతుంది. కొత్తవాళ్ళకిచ్చే గుర్తింపు జరగాల్సిన పనికి దారి చేస్తుంది. మొదటి మూడు నాలుగేళ్ళే గడ్డుకాలం. పాఠం తయారుచేసుకోవాలి, ల్యాబులు నడపాలి, పేపర్లు దిద్దాలి, పీహెచ్‌డీ చెయ్యాలి. ఇంట్లో అంతకుముందు చదివినోళ్ళు లేరు. స్టాఫ్‌రూంలో చెప్పేటోళ్ళు లేరు. "కోటాలో వచ్చాడు" అనే మాట మాత్రం మనకన్నా ముందే వచ్చి కుర్చీలో కూచుంటుంది.

ఇది కొత్తదేం కాదు. 1918లో బాబాసాహెబ్ అంబేద్కర్ బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరితే, స్టాఫ్‌రూం కుండలో నీళ్ళు ముట్టకూడదని తోటి ప్రొఫెసర్లే అభ్యంతరపెట్టారు. కొలంబియా చదువు కూడా ఆ కుండ ముందు చెల్లలేదు!

మంచి పంతులంటే ఎవరు? హాస్టల్లో ఉండి తెలుగు మీడియంలో చదువుకొచ్చిన పిల్లకి త్రీఫేజు కరెంటు అర్థం కావట్లేదనుకోండి. ఒకాయన ఇంగ్లీషు పుస్తకం బోర్డుకెక్కించి వెళ్ళిపోతాడు. ఇంకొకామె పొలం మోటారు సంగతి ఎత్తుతుంది. నడుస్తుండగా ఒక ఫేజు పోతే మిగతా రెండు ఫేజుల మీదే భారం పడుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, చుట్లు వేడెక్కి మోటారు కాలిపోతుంది. నాయన చేలో చూసిన నష్టమే పిల్లకి పాఠమైంది. ఈ విద్య ఏ మెరిట్ లిస్టులో ఉంది?

అఖిల భారత సాంకేతిక విద్యామండలి యువ ఉపాధ్యాయుల కోసం కెరీర్ అవార్డు పెట్టి పరిశోధనకి డబ్బిచ్చింది. 2023లో జాతీయ ఉపాధ్యాయ అవార్డుల్ని ఉన్నత విద్యకీ, పాలిటెక్నిక్కులకీ విస్తరించారు. మంచిదే. కానీ అవార్డు రావాలంటే ముందు ఉద్యోగం రావాలి గదా! 2019 చట్టం కేంద్ర విద్యాసంస్థల్లో పంతుళ్ళ పోస్టులకి రిజర్వేషన్ ఇచ్చింది. మన పిల్లలు ఎంతోమంది చదివే ప్రైవేటు కాలేజీలకి అది వర్తించదు. అక్కడ పంతుల్ని తీసుకునేదీ తీసేసేదీ యాజమాన్యమే. ఇక మనోళ్ళ పేరు పైకి పంపేదెవరు?

అందుకే మేం అడిగేవి నాలుగు.

ఒకటి, కొత్త పంతులు తన పేరు తనే పంపుకునే వీలుండాలి. హెచ్చోడీ దయ అక్కర్లేదు.

రెండు, వెనకబెంచీ పిల్లలు ఏం నేర్చుకున్నారో ఆ పిల్లల్నే అడగాలి.

మూడు, ఎంపిక కమిటీలో దళితులు, ఆదివాసులు, ఆడవాళ్ళు ఉండాలి.

నాలుగు, అవార్డంటే శాలువా, ఫోటో కాదు. పీహెచ్‌డీకి జీతంతో సెలవు, తక్కువ క్లాసులు, ల్యాబుకి డబ్బు ఇవ్వాలి.

అవార్డు పోస్టుకి బదులు కాదు. పది ఖాళీలు ఎండగట్టి ఒకరికి దండేస్తే మనం చప్పట్లు కొట్టం.

కార్యకర్తలకి ఒక పని చెబుతున్నాం. మీ ఊరినుంచి ఏ కాలేజీలో ఎవరు పాఠం చెబుతున్నారో పేర్లు రాయండి. వాళ్ళని వాడకి పిలవండి, పదో తరగతి పిల్లల ముందు కూచోబెట్టండి. సర్కారు గుర్తించేదాకా ఆగొద్దు. ముందు మనం గుర్తిద్దాం.

జైభీమ్!