వేసవి చెరువులో నాచును గుర్తుపట్టడం



ఎండలు ముదిరి చెరువు నీళ్ళు తూము దగ్గరి మడుగుకు దిగిపోయే కాలంలో, రేవున పచ్చగా ఏదో తేలటం మీరు ఎరిగినదే. "నాచే గదా, గొడ్డుకేం చేస్తుంది?" అని పశువులను తోలేస్తాం. ఆ మాట కొన్ని నాచుల పట్ల నిజం. కొన్నింటి పట్ల మాత్రం కట్టెదుట పశువు కూలిపోయేంత ప్రమాదం. ఏది ఏదో తెలుసుకొనే ఉపాయం మనవి చేస్తాను.

నాచును చదవటానికి వేసవే అనువైన కాలం. అమెరికాలో అయోవా అని మొక్కజొన్న పండించే రాష్ట్రం ఉన్నది. అక్కడ వెస్ట్ ఒకొబోజి సరస్సు ఒడ్డున 1909లో మాక్‌బ్రైడ్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు ఒక ప్రయోగశాల నెలకొల్పారు. ఏటా వేసవిలో విద్యార్థులు అక్కడికి పోయి సీసాల్లో నీళ్ళు పట్టి, సూక్ష్మదర్శిని కింద పెట్టి నాచును పరిశీలిస్తారు. నీటి ఒడ్డునే నేర్చే చదువన్నమాట. మనకు అంత సరంజామా లేకపోయినా, మొదటి పాఠానికి ఒక పొడుగాటి కర్ర, ఒక గాజు సీసా చాలును.

ముందు కర్రతో ఎత్తి చూడండి. తడి జుట్టులాగా, పీచులాగా చుట్టుకొని పైకి వస్తే అది పోగు నాచు. పశువుకు సాధారణంగా విషం కాదు. కాలువకు అడ్డం పడుతుందనేదే దానితో మన పేచీ. అట్లా కాక, కర్రను రంగు డబ్బాలో ముంచినట్లు పచ్చగా పూసుకొని వస్తే అనుమానించాలి.

అప్పుడు సీసా తీయండి. చేతికి తొడుగు వేసుకొని, పైన తెట్టె కాకుండా కొంచెం కింది నీటిని ముప్పాతిక వంతు పట్టి, మూత బిగించి, రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లవారి పచ్చదనం అడుగుకు దిగితే భయం తక్కువ. పైకి చేరి వలయంగా తేలితే అది నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. దాని కణాల్లో గాలి నిండిన సన్నని సంచులుంటాయి, అందుకే తేలుతుంది. గాలి ఎటు తోస్తే ఆ ఒడ్డుకు చేరి చిక్కబడుతుంది. మన పశువు దిగేది ఆ రేవే అయితే?

ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రినా సరస్సులో జరిగినది ఇదే. ఆ తెట్టె తాగి గొర్రెలు, గుర్రాలు, పశువులు గంటల వ్యవధిలో చనిపోయాయని జార్జి ఫ్రాన్సిస్ 1878లో 'నేచర్' పత్రికకు వ్రాశారు.

అయితే పొలంలో పచ్చదనం కనబడగానే విషం విషం అని కేకలు వేయకండి. ఈ కుటుంబంలోనివే వరి మడిలో గాలి నుంచి నత్రజనిని తీసి నేలకు ఇస్తాయని పి.కె. డే 1939లో చూపించారు. మంచివీ చెడ్డవీ ఒకే ఇంట పుట్టాయి. సీసా కుటుంబాన్ని పట్టిస్తుందే గాని విషం ఉన్నదీ లేనిదీ చెప్పదు; అది ప్రయోగశాల చేసే పని. ఆ సంగతి తేలేవరకు పశువులను రేవులోకి దిగనీయకుండా ముళ్ళకంప అడ్డం వేసి, బావి నీళ్ళో బోరు నీళ్ళో తొట్టిలో పోయండి.

కాచిన నీటిలో విషం పోతుందనుకొంటారు, పోదు. మైలుతుత్తం చల్లితే నాచు చస్తుంది గాని, చచ్చిన నాచు కణాలు పగిలి లోపలి విషం ఒక్కసారిగా నీళ్ళలో కలుస్తుంది. కాబట్టి చల్లవద్దు. పెంటకుప్ప కడిగిన నీరు, ఎరువు కొట్టుకువచ్చే మురుగు చెరువులోకి చేరకుండా గట్టు వేయండి. నాచుకు మేత అదే.

నీళ్ళు తాగిన పశువు వణికినా, తూలినా, నోట చొంగ కార్చినా వెంటనే పశువైద్యుని పిలవండి. ఆ రేవు నీళ్ళు మరో సీసాలో పట్టి, ఎండ తగలకుండా తడిగుడ్డ చుట్టి ఆయన చేతికివ్వండి.