దండోరా వేయించాము, సరే, చెప్పామా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రోడ్లు, రైలు మార్గాలు, కట్టడాలు వచ్చేటప్పుడు ప్రజలకు ఆ సంగతి ఎలా తెలియజేయాలి అన్న విషయం మీద మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. నేను ఇంజనీరును కాను, ప్రచార విద్య చదివినవాణ్ణీ కాను. 1972లో రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి 2009లో పదవీ విరమణ చేశాను. అందులో చాలా కాలం భూసేకరణ కాగితాల మధ్యనే గడిచింది. కనుక నాకు తెలిసిన వైపు నుంచే నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేను ఉద్యోగంలో చేరిన నాటికి ఊళ్లో ఏ సంగతి చెప్పాలన్నా తప్పెట మోగవలసిందే. ‘ఇందుమూలంగా సమస్తమైన ప్రజలకు తెలియజేయడమేమనగా’ అని వీధి మొగలో కేక వినపడితే ఆడవాళ్లు చేతిలో పని వదిలి వాకిట్లోకి వచ్చేవాళ్లు. అర్థం కాకపోతే తప్పెట కొట్టేవాణ్ణే నిలబెట్టి అడిగేవాళ్లు. అతను తనకు తెలిసినంత చెప్పేవాడు. అందులోని గొప్పతనం అదే. కాగితాన్ని అడగలేము, మనిషిని అడగవచ్చు.

తరువాత మన కళ్ల ముందే ఎన్నో వచ్చాయి. మీటర్ గేజి పోయి బ్రాడ్ గేజి వచ్చింది. పెనుకొండ నుండి ధర్మవరానికి ప్రశాంతి నిలయం మీదుగా 2000లో కొత్త రైలు మార్గం పడింది. ఏడవ నెంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలై, నేడు 44వ నెంబరుగా నడుస్తున్నది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం జరిగితే 2019లో కార్లు బయటికి వచ్చాయి. వీటన్నిటివల్ల మేలు జరగలేదని నేను అనను. కానీ ప్రతి రోడ్డు కిందా ఎవరిదో ఒకరి శెనక్కాయల చేను ఉంటుంది. ఆ చేను గలవారికి సంగతి ఎలా చేరిందన్నదే నా ప్రశ్న.

1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం నాలుగవ సెక్షను ప్రకటన గెజిట్లో రావాలి, ఊళ్లో తగిన చోట్ల దాని సారాంశం ప్రకటించాలి. 1984 సవరణతో రెండు దినపత్రికల్లో, అందులో ఒకటైనా ప్రాంతీయ భాషలో వేయడం కూడా చేరింది. అభ్యంతరాలకు 30 రోజులు గడువు. మేము అన్నీ చేసేవాళ్లం. పత్రిక కత్తిరింపు ఫైల్లో ఉండేది. నోటీసు అంటించినట్లు సాక్షుల సంతకాలు ఉండేవి. ఆడిట్ వారు వేలు పెట్టి చూపడానికి చోటు ఉండేది కాదు.

అదే రోజుల్లో హిందూపురంలో ఒక సిమెంటు కంపెనీ వారు బేల్దారి మేస్త్రీలను పిలిచి సమావేశం పెట్టారు. నేను ఒక మేస్త్రీ వెంట ఊరికే చూడడానికి వెళ్లాను. కంపెనీ మనిషి సూటు వేసుకొచ్చినా మాట మాత్రం మేస్త్రీల మాటే. ఇసుక ఎంత, నీళ్లు ఎంత, ఎన్ని రోజులు తడపాలి అని చేతులతో కలిపి చూపించాడు. అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. అన్నం పెట్టి, సంచి చేతికిచ్చి పంపాడు. ఆ నెలలోనే ఊళ్లలో గోడల మీద ఆ సిమెంటు పేరు మూరెడు అక్షరాలతో వెలిసింది. సిమెంటు అమ్మేవాడు మనిషిని వెతుక్కుంటూ పోయాడు. ఆ సిమెంటుతో కట్టే వంతెన కోసం భూమి తీసుకునే మేము మాత్రం చీమ తలకాయంత అక్షరాలతో ఒక కాగితం అంటించి వచ్చాము. నాకు ఆనాడు ఈ తేడా తోచలేదు. తోచేటట్లు చేసినది ఒక ఇల్లాలు.

1980ల చివర. ఊరి పేరు, కార్యాలయం పేరు చెప్పను. రోడ్డు వెడల్పులో ఆమెది రెండెకరాల మెట్ట పోయింది. భర్త లేడు. కొడుకులిద్దరూ బెంగళూరులో కట్టడం పనికి పోయినారు. నోటీసు గోడకు అంటించాము. డబ్బు ఇచ్చే రోజున ఆమె నా బల్ల ముందే వేలిముద్ర వేసి పుచ్చుకొని, దణ్ణం పెట్టి వెళ్లింది. పక్క చేను రైతు కాస్త చదువుకున్నవాడు. అతను సంతకం పైన ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని ఒక్క వాక్యం రాశాడు. చట్టంలో ఆ వాక్యానికి ఎంత విలువో నాకు తెలుసు. అది రాసినవారికే 18వ సెక్షను కింద కోర్టుకు పంపమని అడిగే హక్కు నిలుస్తుంది. రాయకుండా తీసుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. నాకు తెలుసు. ఆమెకు తెలియదు. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

కొన్నేళ్లకు కోర్టు ఆ పక్క రైతుకు ధర రెట్టింపు పైగా పెంచింది. అప్పుడైనా ఇంకొక దారి ఉండింది. ఒకరికి కోర్టు పెంచితే, అదే ప్రకటన కింద భూమి పోయిన మిగతావారు మూడు నెలల్లోగా కలెక్టరుకు అర్జీ పెట్టుకోవచ్చునని 1984లో చేర్చిన 28-ఎ సెక్షను చెబుతుంది. ఆమె నా దగ్గరికి వచ్చినది ఏడవ నెలలో. గడువు తీరిపోయిందమ్మా అన్నాను. ఆమె కోపపడలేదు. ‘ఆ పొద్దు నీ ముందరే కదా సామీ నేను ఏలు ముద్దర ఏసింది. ఒక్క మాట చెప్పింటే నీదేం పొయ్యేది?’ అన్నది.

నాదేమీ పోయేది కాదు. ఈనాటికీ నా దగ్గర అంతకన్నా జవాబు లేదు. ఫైలు ప్రకారం నేను ఏ తప్పూ చేయలేదు. ఫైలు ప్రకారం ఆమెకు అన్నీ తెలియజేయబడ్డాయి.

ఇప్పుడు చట్టం మారింది. 2013 నాటి కొత్త భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. సామాజిక ప్రభావ అంచనా, బహిరంగ విచారణ అనేవి అందులో చేరాయి. అభ్యంతరాలకు గడువు 60 రోజులయింది. అయితే జాతీయ రహదారులకు 1956 చట్టం వేరే ఉన్నది, అందులో గడువు 21 రోజులే. రైల్వే ప్రత్యేక ప్రాజెక్టులకు 30 రోజులు. కొడికొండ దగ్గర మొదలయ్యే బెంగళూరు, కడప, విజయవాడ రహదారి వంటివి వస్తున్న ఈ కాలంలో ఏ కాగితం ఏ చట్టం కిందిదో మన పిల్లలకే తెలియడం కష్టం. ఇక, అభ్యంతరం రాయకుండా డబ్బు తీసుకుంటే పెంపు అడగరాదన్న నిబంధన కొత్త చట్టం 77వ సెక్షనులోనూ అలాగే ఉన్నది. పెద్ద పనులకు నేడు రంగు పుస్తకాలు, ఫ్లెక్సీలు, వీడియోలు వస్తున్నాయి. సంతోషమే. కానీ వంతెన బొమ్మ ఎంత అందంగా ఉన్నా, గడువు తేదీ పెద్ద అక్షరాలతో లేకపోతే అది ప్రచారమే గాని సమాచారం కాదు.

ధర్మవరం జంక్షన్లో బండి వచ్చేముందు మైకులో ఒకే సంగతి మూడు భాషల్లో, మళ్లీ మళ్లీ చెబుతారు. ఒక్క బండి తప్పితే ఇంకొకటి ఉంటుంది. గడువు తప్పితే ఇంకొకటి లేదు. అయినా దాన్ని ఒక్కసారే, గోడ మీద చెబుతాము.

మన సంగతే చూడండి. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అందుకే నేడు ఈ సభ. ఆ తీర్పు మనలో ఎందరు చదివాము? సంఘం వారు చదివి మనకు విడమరచి చెప్పారు. లైఫ్ సర్టిఫికెట్ తేదీ కూడా ఏటా సంఘమే గుర్తు చేస్తుంది. మనకు చెప్పేవారున్నారు. ఆమెకు లేరు.

కనుక నాదొక చిన్న సూచన. మన మూడు శాఖల వారు వారానికి ఒక పూట, ఇద్దరేసి చొప్పున, దగ్గరి గ్రామ సచివాలయానికి వెళ్లి నోటీసు బోర్డు చదివి వద్దాము. ఎవరి సర్వే నెంబరు కనిపిస్తే వారింటికి పోయి మూడు సంగతులు చెబుదాము. గడువు ఏ తేదీ. డబ్బు తీసుకునే ముందు సంతకం పైన ఏమి రాయాలి. ఇచ్చిన ప్రతి అర్జీకి రశీదు అడగాలి. మిగతాది కోర్టు దగ్గరి న్యాయ సేవా కమిటీ వారు చూస్తారు. అక్కడ స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం ఉన్నది.

ఆఫీసు భాష చదవడం మనకు వచ్చిన విద్య. దానికి ప్రభుత్వం ఇన్నాళ్లు జీతం ఇచ్చింది, ఇంకా పెన్షను ఇస్తున్నది. పెనుకొండ శాఖ తరఫున మొదటి వారం నేను వెళతాను. నాకు తోడు ఒకరు పేరు ఇస్తే చాలు.