పేరుపలకలోని భాష

నాంపల్లి స్టేషనులో దిగువారికి పసుపుపచ్చని పేరుపలక కనబడును. దానిపై పెద్ద నల్లని అక్షరములతో, పెక్కు లిపులలో ఒకే పేరు వ్రాయబడి యున్నది. దానిని మేము ఎన్నిసారులో చూచితిమి. ఒకనాడు రైలు ఆలస్యమై చాలసేపు నిలువవలసి వచ్చినప్పుడుగాని పరిశీలింపలేదు. ఉర్దూ రాని మాకు ఆ పంక్తి తీగె అల్లికవలె తోచినది. తెలుగు రాని యాత్రికునకు మన గుండ్రని అక్షరములును అట్లే తోచును గదా! భాష తెలిసినవానికి అది మాట, తెలియనివానికి బొమ్మ.

లిపుల స్వభావములును వేరు. తెలుగున ప్రతి అచ్చును వ్రాయుదుము. అర్థము తెలియకున్నను పలుకవచ్చును. ఉర్దూలో హ్రస్వాచ్చులను సాధారణముగా వ్రాయరు. మాట ముందే తెలిసియుండవలెను. మనము చదివి తెలిసికొందుము. వారు తెలిసి చదువుదురు.

1907లో వెలసిన ఈ స్టేషనునకు పలకపై పేరు హైదరాబాదు డెక్కన్. జనుల నోట నాంపల్లి. గోలకొండ కొలువున నుండి 1672లో గతించిన నేక్‌నామ్ ఖాన్ పేర ఈ పల్లె వెలసినదని పెద్దలు చెప్పుదురు. పారసీకమున 'నేక్‌నామ్' అనగా మంచి పేరు. తెలుగువాడు దీనిని 'నామము' అనుకొనిన తప్పేమి? సంస్కృతపు నామము, పారసీకపు నామ్ ఒకే మూలమునుండి పుట్టిన అక్కచెల్లెండ్రు. చివరనున్న 'పల్లి' మన సొత్తు.

అబిడ్స్ కథ మరియు వింత. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులోని ఆల్బర్ట్ ఆబిద్ అచ్చట అంగడి పెట్టెను. అరబ్బీలో 'ఆబిద్' అనగా ఆరాధకుడు. ఆ పేరు ఇంగ్లీషు అక్షరములమీదుగా మనకు వచ్చుటచే దకారము డకారమైనది. 'ఆబిద్ గారిది' అని తెలుపు ఇంగ్లీషు సకారము తోకగా మిగిలినది. అంగడి పోయినను ఆ ఒక్క అక్షరము పేటకంతకు పేరై నిలిచినది.

పలకను తిరిగి వ్రాయించునప్పుడు చోటు చాలదని ఒక పంక్తిని తీసివేయుట సులభము. దానితో పోవునది రంగు కాదు, ఒక వినికిడి.

మేమిప్పుడు ఉర్దూ అక్షరములు నేర్చుకొనుచున్నాము. మొదట కూడబలుకుకొని చదివిన మాట ఆ పలకమీది హైదరాబాదే. తెలిసిన పేరు గనుకనే చదువగలిగితిమి.